తెల్లబండి డైరీ: మినరల్ ఆయిల్‌లో సింథటిక్ పోసిన ఆరు నెలలు

11 జనవరి 2025, శనివారం. మీటరు 2,37,940

సంక్రాంతికి నాన్న, నేను చెన్నై నుంచి ఊరికి బయల్దేరాం. నాయుడుపేట దాటాక టీకి ఆగితే, బండి దిగగానే కాలిన ఆయిల్ వాసన తగిలింది. పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ లాగాను. కొసన ఒక చుక్క అంటుకుని ఉందంతే. కింది గీత దాకా కూడా ఆయిల్ లేదు. తుడిచి, మళ్లీ పెట్టి తీసినా మార్పు లేదు.

మేం తెల్లబండి అని పిలుచుకునే ఈ కారును నాన్న 2004లో కొన్నారు. 2.4 లీటర్ల డీజిల్ ఇంజిన్. టర్బో లేదు, డీజిల్ చిమ్మడానికి కామన్ రైల్ పద్ధతీ లేదు, పాతకాలపు పంపుతో నడుస్తుంది. పదిహేనేళ్లు నిండాక 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాం. మొదటి రోజు నుంచీ ఇందులో పోసేది 15డబ్ల్యూ-40 (అది చిక్కదనం గ్రేడు) మినరల్ ఆయిలే. ఫిల్టర్ కూడా మారిస్తే 5.8 లీటర్లు పడుతుంది. కిందటిసారి మార్చింది సెప్టెంబరు 21న, 2,36,150 దగ్గర. అంటే 1,790 కిలోమీటర్లకే లీటరు పైన మాయమైంది.

డిక్కీలో బావ ఇచ్చిన డబ్బా ఒకటి ఉంది. ఆయన కారుకు 3.8 లీటర్లు పోయగా ఐదు లీటర్ల డబ్బాలో మిగిలిన ఫుల్ సింథటిక్, 5డబ్ల్యూ-40. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఏపీఐ ఎస్ఎన్/సీఎఫ్, ఏసీఈఏ ఏ3/బీ4 అని నాణ్యతా ప్రమాణాలు ఉన్నాయి. సీ, బీ అక్షరాలు డీజిల్‌కు సంబంధించినవి కాబట్టి ఇది పెట్రోలు బండికి మాత్రమే చేసింది కాదు.

నాన్న చూసి గాభరా పడ్డారు. "ఏందమ్మా అది, సింథటికా? వద్దు. రెండూ కలిస్తే పాలు తోడుకున్నట్టు గడ్డకడతాయి. ఇంజిన్ పోద్ది."

నెల్లూరికి ఇంకా డెబ్బై కిలోమీటర్లు ఉంది. గడ్డకడుతుందేమోనన్న భయం ఒకవైపు, ఆయిల్ చాలక బేరింగులు పట్టేస్తాయన్నది మరోవైపు. రెండోది భయం కాదు, ఖాయంగా జరిగేది. లీటరు పోశాను. ఆయిల్ పై గీతకు కాస్త కిందికి వచ్చింది. నెల్లూరు దాకా నాన్న ఆయిల్ లైటు మీద నుంచి చూపు తిప్పలేదు.

16 జనవరి, గురువారం. మీటరు 2,38,330

చెన్నైలో మా కొళత్తూరుకు తిరిగొచ్చాం. బండికి ఏమీ కాలేదు. లైటు వెలగలేదు, చప్పుడు మారలేదు. నాన్న మాత్రం ఆయిల్ మొత్తం తీయించేసి మళ్లీ మినరల్ పోయిద్దామంటున్నారు. 5.8 లీటర్లు, ఫిల్టరు, కూలీ కలిపితే మూడు వేలకు పైమాటే. డబ్బుకన్నా నన్ను ఎక్కువ పీకుతున్నది వేరే సంగతి. అసలు కలిపితే ఏమవుతుందో ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. తీయకుండా, మార్చాల్సిన గడువు దాకా ఈ కలిపిన ఆయిల్‌తోనే నడిపి, ప్రతిదీ రాసుకోవాలని నిశ్చయించుకున్నాను. నాన్న ఇరవై ఏళ్లుగా బండి లెక్కలు రాస్తున్న పాత ఎల్ఐసీ డైరీలోనే ఇవీ రాస్తాను.

19 జనవరి, ఆదివారం

రెండు పనులు. మొదటిది సీసాల పరీక్ష. అమ్మ మూడు ఖాళీ పచ్చడి సీసాలు ఇచ్చింది. కడిగి, ఎండలో తడి లేకుండా ఆరబెట్టాను. ఒకదాంట్లో కొత్త మినరల్, ఒకదాంట్లో బావ డబ్బా అడుగున మిగిలిన సింథటిక్, మూడో దాంట్లో రెండూ సగం సగం పోసి బాగా గిలకొట్టాను. మూతలు బిగించి డాబా మీద ఎండ తగిలే మూల పెట్టాను. రెండు వారాలు కదపకూడదు.

రెండో పని చదవడం. రాత్రి రెండయింది. నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

ఇంజిన్ ఆయిల్‌లో 75 నుంచి 90 శాతం దాకా బేస్ ఆయిల్ ఉంటుంది. మిగతాది రసాయనాలు: మురికిని కడిగేవి, మసిని గడ్డకట్టకుండా పట్టి ఉంచేవి, అరుగుదలను ఆపేవి, నురగ రాకుండా చూసేవి. మినరల్ ఆయిల్‌లోని బేస్ ఆయిల్‌ను ముడిచమురు నుంచి శుద్ధి చేసి తీస్తారు. ఇది మనకు దూరపు సంగతి కాదు. మా కొళత్తూరుకు దగ్గర్లోనే ఉన్న మణలి రిఫైనరీ, 1965లో మద్రాస్ రిఫైనరీస్‌గా మొదలై ఇప్పుడు సీపీసీఎల్ (చెన్నై పెట్రోలియం కార్పొరేషన్) అయిన సంస్థ, పెట్రోలు, డీజిల్‌తోపాటు లూబ్ బేస్ ఆయిల్ కూడా తీస్తుంది.

సింథటిక్‌లోనూ రకాలున్నాయి. బేస్ ఆయిళ్లను గ్రూపులుగా విడదీస్తారు. రసాయన చర్యతో అణువును కట్టి తయారుచేసేది నాలుగో గ్రూపు, దాన్నే పీఏఓ (పాలీ ఆల్ఫా ఓలెఫిన్) అంటారు. ముడిచమురు నుంచి వచ్చిన దాన్నే హైడ్రోజన్‌తో, అధిక పీడనంలో విరగ్గొట్టి బాగా శుద్ధి చేసింది మూడో గ్రూపు. బజార్లో సింథటిక్ పేరుతో అమ్మేవాటిలో ఈ మూడో గ్రూపు చాలానే ఉంటుంది. అంటే మినరల్‌కూ సింథటిక్‌కూ మధ్య ఉన్నది నీళ్లకూ నూనెకూ మధ్య ఉండే తేడా కాదు. రెండూ హైడ్రోకార్బన్లే. ఒకటి ఎక్కువ శుభ్రంగా, అణువులు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది, అంతే.

అసలు షాపులో దొరికే సెమీ సింథటిక్ అంటే ఏమిటి? ఫ్యాక్టరీలోనే రెండు రకాల బేస్ ఆయిళ్లు కలిపి డబ్బాలో నింపింది. ఇన్నేళ్లూ ఆ పేరు వింటూ కూడా ఈ సంగతి నాకు తట్టలేదు. ఇంకొకటి, ఆయిళ్లు ఒకదానితో ఒకటి విడిపోకుండా కలుస్తాయా అని చూసేందుకు ఏఎస్‌టీఎం డీ6922 అనే పరీక్షే ఉంది. దారిలో ఎవరు ఏ డబ్బా పోసినా ఇంజిన్ ఆగిపోకూడదని ఆలోచించే ఆ పరీక్ష పెట్టారు. నాయుడుపేట దగ్గర నేను చేసింది సరిగ్గా అదే.

కలవనివి లేకపోలేదు. ఆముదంతో చేసే రేసింగ్ ఆయిల్ మినరల్‌తో సరిగ్గా కలవదు. పీఏజీ రకం నూనెలూ అంతే. అవి మామూలు కార్ల ఇంజిన్‌లో పోసే డబ్బాల్లో ఉండవు.

21 జనవరి, మంగళవారం

రాత్రి అన్నాల దగ్గర నాన్నను అడిగాను, గడ్డకట్టడం ఎక్కడ చూశావని. ఊరికే విన్న మాట కాదట. చాలా ఏళ్ల కిందట పక్కింటి వాళ్ల కారు రేడియేటర్‌లో పచ్చ కూలెంట్ మీద ఎర్ర కూలెంట్ పోస్తే జిగురు ముద్దలు తేలాయి. రేడియేటర్ విప్పి కడిగించాల్సి వచ్చింది. నాన్న కళ్లారా చూశారు. కూలెంట్ విషయంలో అది నిజం. వేర్వేరు రసాయనాలున్న కూలెంట్లు కలిస్తే ముద్దకట్టే అవకాశం ఉంది. నాన్న భయం ఉత్తి భయం కాదు, కూలెంట్ దగ్గర నేర్చుకున్నది ఆయిల్‌కు వర్తించింది. అడిగి తెలుసుకున్నందుకు నాకు ఎంతో తృప్తిగా ఉంది. అడగకపోతే ఆయనది మూఢనమ్మకం అనుకుని ఊరుకునేదాన్ని.

26 జనవరి, ఆదివారం

కొలత పద్ధతి స్థిరపరిచాను. పార్కింగ్‌లో ముందు చక్రాల దగ్గర పెయింటుతో గీతలు గీశాను. బండి ఎప్పుడూ అదే చోట, రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున ఇంజిన్ తిప్పకముందే చూడాలి. మూడుసార్లు తీసి మధ్య రీడింగు రాసుకోవాలి. రెండు గీతల మధ్య దాదాపు లీటరు పడుతుందని జనవరి 11న తేలింది కాబట్టి ఆ దూరాన్ని పది భాగాలు చేసి స్కేలుతో కొలుస్తున్నాను.

రంగు చూసి ఏమీ చెప్పలేం. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ ఒకటి రెండు రోజులకే నల్లబడుతుంది. మసిని ఆయిల్ తనలోకి తీసుకుంటోందని అర్థం, పాడైందని కాదు. తెల్లగా పాలమీగడలా కనిపిస్తే మాత్రం నీళ్లు చేరాయని భయపడాలి. అలా లేదు.

2 ఫిబ్రవరి, ఆదివారం

సీసాలు రెండు వారాలు పూర్తి చేసుకున్నాయి. టార్చి వెనక పెట్టి చూశాను. కలిపిన సీసాలో పొర గీత లేదు, అడుగున మడ్డి లేదు, మబ్బుగా కూడా లేదు. మిగతా రెండింటికీ మధ్య రంగు. నాన్న సీసా తలకిందులు చేసి, అడుగు భాగం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "కలిసింది" అన్నారు.

ఈ పరీక్షకు హద్దుంది. సీసాలో వేడి లేదు, మసి లేదు, పిస్టన్ లేదు. కలుస్తాయని తేలింది, కలిసి బాగా పనిచేస్తాయని ఇంకా తేలలేదు.

అదే రోజు చెడ్డ సంగతి. బండి కింద అట్టముక్క మీద నాలుగు ఆయిల్ మచ్చలు. సంక్రాంతికి ముందు ఇంతగా లేవు.

4 ఫిబ్రవరి, మంగళవారం

పెరంబూరులో మేం ఎప్పుడూ వెళ్లే కార్ల మేస్త్రీది పుత్తూరు. చెన్నైకి వచ్చి ముప్పై ఏళ్లయినా మాతో పుత్తూరు తెలుగే మాట్లాడతారు. మచ్చలు చూసి ఒకే మాట: "సింథటిక్ పల్చన కదమ్మా, పాత ప్యాకింగుల్లోంచి కారిపోతుంది."

ఈ మాట చాలా షెడ్లలో విన్నాను. ఇందులో కొంత నిజం, కొంత పాతబడిన నిజం. తొలినాళ్ల పీఏఓ ఆయిళ్లు రబ్బరు సీళ్లను ఉబ్బించేవి కావు, అందుకని మినరల్‌కు అలవాటుపడ్డ సీళ్లు కాస్త కుంచించుకుపోయి లీకయ్యేవి. తర్వాత దానికి సరిపడా ఎస్టర్లు కలపడం మొదలుపెట్టారు. సింథటిక్ శుభ్రపరిచే గుణం వల్ల పగులును మూసి ఉంచిన మడ్డి కరిగి లీకు బయటపడటమూ జరుగుతుంది. కానీ పల్చన అన్నది సరిగ్గా చూడాలి. 5డబ్ల్యూ-40లో, 15డబ్ల్యూ-40లో వెనక ఉన్న 40 ఒకటే. 100 డిగ్రీల వేడిలో రెండింటి చిక్కదనమూ 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్యే ఉండాలని నియమం. ఇంజిన్ వేడెక్కాక సింథటిక్ పల్చనేమీ కాదు. తేడా చలిలోనే. 15డబ్ల్యూ ఆయిల్‌ను చలి ప్రభావం కోసం మైనస్ 20 దగ్గర పరీక్షిస్తే, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. చెన్నైలో జనవరి తెల్లవారుజామున ఇరవైకి అటూ ఇటూ ఉంటుంది. ఆ పది డిగ్రీల ఆధిక్యానికి ఇక్కడ పనే లేదు.

లీకు ఎక్కడిదో చూడకుండా ఆయిల్ మీద నేరం మోపకూడదని నిర్ణయించుకున్నాను.

8 ఫిబ్రవరి, శనివారం. మీటరు 2,38,750

పొద్దున కొలత: జనవరి 16 నుంచి 420 కిలోమీటర్లకు 260 మిల్లీలీటర్లు తగ్గింది. వెయ్యికి 620 దాకా. సింథటిక్ పోయకముందు సెప్టెంబరు నుంచి జనవరి దాకా లెక్కేసినా వెయ్యికి 610 వచ్చింది. ఆయిల్ తాగడం సింథటిక్ వల్ల పెరగలేదు, తగ్గలేదు. ఈ ఒక్క లెక్కకే ఇంత శ్రమా అనిపించవచ్చు, కానీ నాకు ఈ రోజు పెద్ద రోజు.

తర్వాత ఇంజిన్‌ను డీజిల్‌లో ముంచిన బ్రష్‌తో కడిగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. ఇంజిన్ పక్కలంతా ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాను. బెల్టులు, ఫ్యాన్ వైపు చల్లలేదు. పావుగంట ఐడిలింగ్‌లో, పావుగంట రెడ్‌హిల్స్ వైపు నడిపి వచ్చి టార్చితో చూస్తే తెల్ల పౌడర్ మీద నల్ల దారి స్పష్టంగా కనిపించింది. టాపెట్ కవర్, అంటే ఇంజిన్ మీది మూత, దాని వెనక మూల నుంచి మొదలై ఇంజిన్ బ్లాకు మీదుగా కిందికి దిగింది. ఆయిల్ చాంబర్ దగ్గర మచ్చ దీనిదే. గేర్‌బాక్సు కలిసే చోట, వెనక సీలు దగ్గర, సన్నగా ఇంకో తడి ఉంది కానీ అది చిన్నది, పాతది.

మధ్యాహ్నం జీపీ రోడ్‌కు వెళ్లాను. అన్నాశాలై నుంచి లోపలికి తిరిగిన ఆ ఒక్క వీధిలో ఎన్ని స్పేర్ పార్టుల షాపులో. ఇరవై ఏళ్ల బండికి టాపెట్ కవర్ ప్యాకింగు, డ్రైన్ బోల్టు రాగి వాషరు, బ్రీదర్ పైపు మూడూ రెండో షాపులోనే దొరికాయి. పాత పైపు చేతిలో పట్టుకెళ్లడం మంచిదైంది, మొదట ఇచ్చింది లోపలి కొలతలో తేడా. పని సాగాలంటే అదే సింథటిక్ ఇంకో లీటరు కావాలి. 880 రూపాయలు. పక్కనే 15డబ్ల్యూ-40 మినరల్ లీటరు 420. దగ్గర దగ్గర రెండింతలకు పైనే.

9 ఫిబ్రవరి, ఆదివారం. మీటరు 2,38,755

ఈ డైరీ మొత్తంలో నేను ఎక్కువ నేర్చుకున్న రోజు ఇదే. మేస్త్రీ కూడా ఆదివారమని చూడకుండా వచ్చారు.

టాపెట్ కవర్ విప్పితే, పాత ప్యాకింగు చుట్టూ సిలికాన్ పేస్టు ముద్దలు ముద్దలుగా. కొన్నేళ్ల కిందట వేరే షెడ్డులో విప్పినప్పుడు కొత్త ప్యాకింగు వేయకుండా పేస్టు పూసి మూసేశారు. వెనక మూలలో అది గట్టిపడి చీలింది. చాకుతో, ఓపికతో, గోకిన ముక్కలు లోపల పడకుండా గుడ్డలు పెట్టి శుభ్రం చేయడానికి గంటన్నర పట్టింది. ఒక్క ముక్క ఆయిల్ పంపు జల్లెడకు చేరినా దారి మూసుకుపోతుంది. ఈ పని తొందరలో ఎవరూ చేయకూడదు.

అసలు దొంగ దొరికింది ఆ తర్వాత. బ్రీదర్ పైపు తీసి వెలుతురుకు పెట్టి చూస్తే అవతలి వైపు కనిపించలేదు. లోపలంతా కాటుక ముద్దలా మడ్డి పేరుకుంది. పాత ఇంజిన్‌లో పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు కిందికి దిగుతుంది. అది బ్రీదర్ గుండా బయటపడి, ఇంజిన్ పీల్చే గాలిలో కలవాలి. దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి బలహీనంగా ఉన్న ప్రతి ప్యాకింగునూ, ప్రతి సీలునూ వెతుక్కుని ఆయిల్‌ను బయటికి నెడుతుంది. రింగుల దగ్గర ఆయిల్ కాలడమూ పెరుగుతుంది. మేం ఇన్నాళ్లూ ఇంజిన్ దించాలేమోనని బెంగపడింది, ఒక రబ్బరు పైపు మూసుకుపోయినందుకు.

కొత్త పైపు, కొత్త ప్యాకింగు వేశాం. పేస్టు మూలల్లో బియ్యపు గింజంత మాత్రమే. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగించాం. ఆయిల్ పై గీత దాకా రావడానికి 500 మిల్లీలీటర్ల సింథటిక్ పట్టింది. ఇప్పుడు లోపల దాదాపు నాలుగో వంతు సింథటిక్.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, "ఆయిల్‌ది కాదులేమ్మా, మనమే గాలి ఆడకుండా చేశాం" అన్నారు. ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి కళ్లతో చూసిందాన్ని చూసినట్టు ఒప్పుకోవడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

2 ఏప్రిల్, బుధవారం. మీటరు 2,39,905

ఉగాదికి ఊరెళ్లి వచ్చాం. 1,150 కిలోమీటర్లకు 330 మిల్లీలీటర్లు. వెయ్యికి 290 లోపే. సగం కంటే తక్కువకు పడిపోయింది. తగ్గిన 330 కూడా సింథటిక్‌తోనే నింపాను. పొద్దున స్టార్టింగులో నీలం పొగ ఇదివరకులా సందంతా కమ్మడం లేదు. ఇది ఆయిల్ మహిమ కాదని పైన రాశాను, ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఇంట్లో వాళ్లంతా సింథటిక్ పోశాక బండి బాగుపడిందని అప్పుడే చెప్పుకుంటున్నారు.

మైలేజీలో తేడా ఏమీ లేదు.

11 మే, ఆదివారం

కత్తిరి ఎండలు. మొన్న కోయంబేడు దగ్గర ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు ఏసీ వేసి ఇరుక్కున్నాం. ఈ బండికి ఆయిల్ ప్రెషర్ ముల్లు లేదు, లైటు మాత్రమే. అంత వేడిలో ఐడిలింగ్‌లో కూడా లైటు మినుకుమనలేదు. టర్బో లేని ఇంజిన్ కాబట్టి ఆయిల్ మీద పడే వేడి కూడా తక్కువే. టర్బో ఉన్న డీజిల్ అయితే బేరింగు దగ్గర ఆయిల్ మాడిపోకుండా ఉండటానికి సింథటిక్ నిజంగా అక్కరకొస్తుంది.

అక్క ఫోన్ చేసింది. వాళ్ల మరిది బీఎస్-6 డీజిల్ కారుకు ఆయిల్ తగ్గిందట, మా ఇంట్లో మిగిలిన 15డబ్ల్యూ-40 పోయొచ్చా అని. వద్దని గట్టిగా చెప్పాను. ఆ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. మేం పోసే 15డబ్ల్యూ-40 సీఐ-4 రకం (అదీ ఏపీఐ ప్రమాణమే), అది కాలితే మిగిలే బూడిద ఆ ఫిల్టర్‌లో పేరుకుంటుంది, మసిలా మళ్లీ కాలిపోదు. అక్కడ మినరలా సింథటికా అన్నది కాదు, బూడిద తక్కువ రకమా కాదా అన్నదే ప్రశ్న. వాళ్ల కారు పుస్తకంలో రాసిన నంబరు చూసి అదే కొనమన్నాను. కలపడంలో నిజమైన ప్రమాదం ఇలాంటి చోట ఉంది. మా తెల్లబండికి ఆ ఫిల్టరే లేదు.

14 జూన్, శనివారం. మీటరు 2,41,160

గడువు వచ్చింది. 5,010 కిలోమీటర్లు. ఏప్రిల్ నుంచి 1,255 కిలోమీటర్లకు 350 తగ్గింది, వెయ్యికి 280. నిలకడగా ఉంది. లోపల ఇప్పుడు సింథటిక్ 29 శాతం దాకా.

పొద్దున ఆరింటికి ఒక రౌండు తిప్పి ఇంజిన్ వేడిచేసి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, డ్రైన్ బోల్టు తీశాను. వేడి ఆయిల్ కాలితే బొబ్బలెక్కుతుంది కాబట్టి గ్లవ్స్ వేసుకున్నాను. మొదట వచ్చింది వదిలేసి, ధార మధ్యలో శుభ్రమైన సీసాలో 100 మిల్లీలీటర్లు పట్టాను. బోల్టు కొసన ఇనుప రజను లేదు. నాన్న రెండు వేళ్ల మధ్య ఆయిల్ రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత పాత క్యాలెండరు కాగితం మీద ఒక చుక్క వేశారు. గంటకు చుక్క మధ్యలో నల్లగా, చుట్టూ బూడిదరంగులో వెడల్పుగా పరుచుకుంది. మసి మధ్యలోనే ముద్దగా ఆగిపోలేదంటే, దాన్ని తేల్చి ఉంచే శక్తి ఆయిల్‌లో ఇంకా ఉందని అర్థం. ఇది చాలా పాత పరీక్ష, ఖర్చు లేనిది. నాన్నకు ముందే తెలుసని నాకు తెలియదు.

కొత్త ఆయిల్ ఏది పోయాలన్నదాని మీద ఇంట్లో కొంత చర్చ. బావ ఫుల్ సింథటిక్ పోసేయమన్నారు. నేను 15డబ్ల్యూ-40 మినరల్, సీఐ-4 ప్లస్ రకం కొన్నాను. సగం సగం కొని నేనే కలపాలని ఒక దశలో అనుకున్న మాట నిజం. తర్వాత లెక్క చూస్తే అందులో అర్థం కనిపించలేదు. మూడు లీటర్ల సింథటిక్‌కు 2,640 రూపాయలు పోసి, చివరికి ఆ ఆయిల్‌ను 5,000కే తీసేయాలి. ఎందుకంటే కలిపిన ఆయిల్ వయసును అందులోని తక్కువ రకాన్ని బట్టే లెక్కించాలి, ఎక్కువ రకాన్ని బట్టి కాదు. మధ్యరకం కావాలనుకునేవాళ్లకు ఫ్యాక్టరీలో పరీక్షించి అమ్మే సెమీ సింథటిక్ ఉండనే ఉంది. ఒక కంపెనీ వేసిన రసాయనాలు ఇంకో కంపెనీ వాటితో ఏ పాళ్లలో బాగా పనిచేస్తాయో నేను వంటింట్లో తేల్చలేను. దారిలో తగ్గితే పోయడానికి మాత్రం డిక్కీలో ఒక లీటరు సింథటిక్ ఉంటుంది, అది డీజిల్ అక్షరం ఉన్న 40 గ్రేడు కావాలి. తక్కువ ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

తీసిన ఆయిల్‌ను డబ్బాలో పోసి మేస్త్రీ షెడ్డుకు ఇచ్చాను. అక్కడి నుంచి లైసెన్సున్న రీసైక్లింగ్ వాళ్లు పట్టుకెళ్తారు. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. మా వైపు వాన నీళ్లు కాలువలోకే చేరతాయి, అందులో పోయడానికి చేతులెలా వస్తాయో.

24 జూన్, మంగళవారం

ల్యాబ్ రిపోర్టు వచ్చింది. అంబత్తూరులో ఫ్యాక్టరీల జనరేటర్ల ఆయిల్ పరీక్షించే చోట ఇచ్చాను. కారు ఆయిల్ పట్టుకొచ్చిన వాళ్లు తక్కువని ఆశ్చర్యపోయినా, మర్యాదగా అన్నీ వివరించారు.

100 డిగ్రీల దగ్గర చిక్కదనం 13.6 సెంటీస్టోక్స్. 40 గ్రేడు హద్దుల్లోనే ఉంది. రెండు ఆయిళ్లూ 40 అయినప్పుడు కలిపింది కూడా 40లోనే ఉండాలి, ఉంది. నీళ్లు లేవు. డీజిల్ కలవడం ఒక శాతం లోపు. ఇనుము 46 పీపీఎం (పది లక్షల్లో 46 వంతులు), రెండు లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్‌కు ఆందోళన పడాల్సింది కాదని ల్యాబ్ వాళ్ల మాట. ఆమ్లాన్ని విరిచే శక్తిని టీబీఎన్ అంటారు, అది 6.1. కొత్త మినరల్‌కు డేటా షీటులో 10.2 ఉంది.

ఈ టీబీఎన్ చూసి చాలాసేపు నాన్న డైరీ పాత పేజీలు తిరగేశాను. బండి కొన్న కొత్తలో చెన్నైలో బీఎస్-2 డీజిల్, గంధకం 500 పీపీఎం. తర్వాత 350, 2010లో చెన్నై వంటి నగరాల్లో 50, 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా 10. గంధకం కాలితే ఆమ్లం తయారవుతుంది, ఆయిల్ దాన్ని విరుస్తూ అలిసిపోతుంది. 5,000కు ఒకసారి తప్పక మార్చాలన్న నాన్న నియమం ఆ 500 రోజుల్లో పుట్టింది. ఆ రోజుల్లో అది సరైన నియమం. ఇప్పుడు ఇంకొన్ని వందల కిలోమీటర్లు నడపవచ్చేమో. అయినా మసి ఉంది, ఇంజిన్ పాతది, 5,000 దగ్గరే ఉంచుతున్నాను. ఈసారి పూర్తి మినరల్‌తో నడిపి అదే ల్యాబ్‌లో ఇస్తే, రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

6 జూలై, ఆదివారం. మీటరు 2,41,800

640 కిలోమీటర్లకు 180 మిల్లీలీటర్లు. వెయ్యికి 280, సింథటిక్ కలిసినప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. టాపెట్ కవర్ పొడిగా ఉంది. డ్రైన్ బోల్టు పొడిగా ఉంది. వెనక సీలు దగ్గర సన్నటి చెమ్మ మాత్రం అలాగే ఉంది, రెండు రాత్రులకు ఒక చుక్క. దానికి గేర్‌బాక్సు దించాలి. క్లచ్ ప్లేటు మార్చే రోజున రెండూ ఒకేసారి చేద్దామని మేస్త్రీ అన్నారు. అప్పటిదాకా నాన్న బండి కింద ప్రతి ఆదివారం కొత్త అట్టముక్క పరుస్తున్నారు. పాతదాని మీద తేదీ వేసి, చుక్కలు లెక్కపెట్టి, డైరీలో రాస్తున్నారు. ఈ వారం మూడు.